సోంపేట ఉద్యమం
శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల నేలల్లో తలపెట్టిన 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని అడ్డుకోవడానికి రైతులు, మత్స్యకారులు సాగించిన పోరాటం. బీల నీళ్లు నిలిచే చిత్తడి. అక్కడి ఊళ్లకు సాగునీరు, చేపలు, పశువుల మేత అన్నీ దాని నుంచే. రాష్ట్ర ప్రభుత్వం మాత్రం ఆ నేలను పనికిరానిదిగా చూసి 2008లో కంపెనీకి కేటాయించింది. కేంద్ర ప్రభుత్వం 2009లో పర్యావరణ అనుమతి ఇచ్చింది. 2010 జులై 14న పనులు మొదలుపెట్టబోతే జనం ఎదురు నిలిచారు. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ అనుమతిని కొట్టేసింది. ఊరివాళ్ల మాట అనుమతికి ముందు జరిగిన బహిరంగ విచారణలోనే చెవికెక్కి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవి. సోంపేటలో ప్లాంటు రాలేదు. 2011 ఫిబ్రవరిలో అదే జిల్లా కాకరాపల్లిలో, మరో విద్యుత్ కేంద్రాన్ని వ్యతిరేకించినవారిపై, మళ్లీ కాల్పులు జరిగాయి.