నిలువ నీడ

మా నాగాయలంక వంటి ఏటిగడ్డ ఊళ్లలో ఇల్లు అద్దెకు పుచ్చుకొనుట పూర్వము అరుదైన మాట. తాటాకును, వాసములును, ఇరుగుపొరుగుల చేసాయమును సమకూడినచో పాక లేచును. గాలివాన పడగొట్టినచో ఆ తావుననే మరల లేచును. అద్దెకాపురము రేవుపట్టణముల ఆచారము. 1611వ సంవత్సరమున గ్లోబు అను ఓడనెక్కి బందరునకు వచ్చిన ఆంగ్లవర్తకులును గోలకొండ ప్రభువుల అనుమతిపై నిలిచినవారే గాని, ఈ నేలకు యజమానులు గారు. ఆ ఆంగ్లేయుల ఏలుబడిలోనే, రెండున్నర శతాబ్దముల పిమ్మట, తెలుగు కూలీలు ఆఫ్రికా తీరమున నేటాల్ రేవున, అనగా నేటి డర్బను నగరమున, నిలువ నీడ వెదకుకొనవలసి వచ్చెను.

మద్రాసున బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న ఆ రేవు చేరెను. 1911లో వలస నిలిచిపోవునాటికి అట్లు చేరినవారు లక్షాయేబదిరెండువేలకు పైబడిరి. వారిలో అధికసంఖ్యాకులు మద్రాసు రేవున ఓడయెక్కిన తమిళులును తెలుగువారును. అయిదేండ్ల ఒడంబడికలో కూలితోపాటు తిండియు, బసయు దొర ఇచ్చునని యుండెను. అద్దెలేని ఇల్లన భాగ్యమువలె తోచును గాని, చెరకుతోటల లైనులలోని ఆ గదికి ఒడంబడికయే అద్దె. పని ముగిసిననాడు తలుపును మూతపడును.

గడువు తీరినవారిలో కొందరు నగరపు అంచుల నేల కౌలుకు పట్టి కూరగాయలు పండించిరి. కొందరు పురపాలక సంఘపు కొలువున చేరి మేగజీన్ బరాకులలో కాపురముండిరి. తమిళులును తెలుగువారును అధికముగానున్న ఆ బరాకుల నీడయు కొలువును అంటిపెట్టుకొన్నదే. ఇట్టి యిరుకు బ్రతుకుల నడుమనే భాషను నిలుపుకొనవలెనను తపన పుట్టి, 1931లో అచ్చట ఆంధ్ర మహాసభ వెలసెను.

ఈ కథ డర్బనులోని కేటో మేనరునొద్ద మరియొక మలుపు తిరుగును. అచ్చట నేల కొనగలిగిన భారతీయులు, నగరమున ఇల్లు దొరకని ఆఫ్రికన్లకు గుడిసెల తావులను అద్దెకిచ్చిరి. అద్దె వసూలు చేయువాడు కంటియెదుట నుండెను. ఆఫ్రికనునకు నగరమున నేల దక్కనీయని శాసనకర్త కంటికి కానరాకుండెను. 1949 జనవరిలో భారతీయులపై చెలరేగిన అల్లరులలో 142 మంది మరణించిరి. ఆ క్రోధమునకు కారణములు పెక్కులున్నను, ఇంటియజమానికిని అద్దెవానికిని నడుమ పేరుకొన్న వైమనస్యము వానిలో నొకటి.

భారతీయ యజమానికి మాత్రము యాజమాన్యము నిలిచెనా? 1943 నాటి పెగ్గింగ్ చట్టము డర్బనులో తెల్లవారికిని భారతీయులకును నడుమ ఇండ్లు, నేలలు చేతులు మారకుండ అడ్డుకట్ట వేసెను. 1946లో ఘెట్టో చట్టమని జనులు పిలిచిన శాసనము రాగా, అచ్చటి భారతీయులగు డాక్టరు నాయకర్, డాక్టరు దాదూల నాయకత్వమున ప్రతిఘటన ఆరంభమయ్యెను. సత్యాగ్రహులు జూను 13న గేల్ వీధి, అంబిలో రోడ్డుల కూడలియందలి ఖాళీ స్థలమున డేరాలు వేసి నిలిచిరి. వారు చేసిన నేరమెల్ల నిలుచుటయే. అందులకే రెండువేలమందికి పైగా చెరసాల చూచిరి.

1950 నాటి గ్రూపు ఏరియాల చట్టము నగరముల నేలను జాతులవారీగా పంచెను. 1960లలో బరాకులవారును, కేటో మేనరు భారతీయ గృహస్థులును, భారతీయులకు కేటాయించిన చాట్స్‌వర్తునకు తరలింపబడిరి. అద్దెవాడును, సొంతయింటివాడును సామానులు మూటగట్టుకొను వేళ వారిలో భేదము కానరాదు.

కేటో మేనరున ఇండ్లు కూలిన పిమ్మట పెక్కేండ్లు ఆ నేల బీడుపడియుండెను. కొన్ని దేవాలయములు మాత్రము మిగిలెను. గాలివాన కూల్చిన పాకను ఆ తావుననే లేపుకొను మా లంకవాసికి, ఇల్లు కూల్చిన పిదప ఆ చోటనే రాట పాతరాదను శాసనము ఎట్టిదో ఊహకైన అందదు.