పడవ పూత నుంచి క్యాప్సూల్ దాకా: గల్ఫ్ తీరంలో చేప నూనె వెల

దుబాయ్, షార్జా ఎమిరేట్ల సరిహద్దుకు రెండు పక్కలా ఒకే పేరుతో విస్తరించిన అల్ నహ్దా ప్రాంతంలో మందుల దుకాణాలు, పెద్ద సూపర్ మార్కెట్లు అడుగడుగునా ఉంటాయి. వాటి అరల్లో చేప నూనె క్యాప్సూళ్ల డబ్బాలు, 'రెండు కొంటే ఒకటి ఉచితం' అన్న చీటీలతో సహా, ఏడాది పొడుగునా కనిపిస్తాయి. ఇక్కడి అపార్టుమెంట్లలో దక్షిణాసియా కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి, వాటిలో తెలుగు కుటుంబాలూ తక్కువేమీ కాదు. సెలవులకు హైదరాబాద్‌కో విజయవాడకో బయలుదేరే ముందు తల్లిదండ్రుల కోసం ఈ డబ్బాలు కొనడం గల్ఫ్ తెలుగువారిలో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఈ డబ్బా మంచి ధరకు దొరికిందో లేదో తేల్చుకోవాలంటే, ఈ తీరంలో చేప నూనెను ఏ కాలంలో ఏ గుణం కోసం కొన్నారో తెలుసుకోవాలి, ఎందుకంటే ఈ సరుకు వెల ఎప్పుడూ నూనె పరిమాణాన్ని బట్టి కాక, అందులో కొనేవాడు వెతుకుతున్న పదార్థాన్ని బట్టే నిలిచింది.

అల్ నహ్దాకు పడమటగా, కొద్ది దూరంలోనే సముద్రపు ఒడ్డున ఉన్న అల్ ఖాన్ ఒకప్పుడు చేపల వేట, ముత్యాల వేట మీద బతికిన ఊరు. ప్రస్తుతం షార్జా సముద్ర మ్యూజియం అక్కడే ఉంది. అటువంటి ఊళ్లలో చేప నూనె ఆహారమూ కాదు, మందూ కాదు. అది ప్రధానంగా పడవకు పూసే పూత. మలబారు నుంచి వచ్చిన టేకు పలకలతో కట్టిన పడవలు ఎండకు బీటలు వారకుండా, ఉప్పునీటికి చివికిపోకుండా, నీటిమట్టానికి పైనున్న భాగానికి సొర కాలేయపు నూనె పట్టించేవారు. నీటిలో మునిగి ఉండే అడుగుభాగానికి సున్నమూ జంతువుల కొవ్వూ కలిపిన ముద్ద వేరుగా పూసేవారు. ఈ ఆచారం చాలా పాతది. పర్షియా తీరపు రేవు సిరాఫ్‌కు చెందిన అబూ జైద్ 10వ శతాబ్దంలో రాసిన వృత్తాంతంలో, తిమింగలపు నూనెను ఇతర పదార్థాలతో కలిపి, తాళ్లతో కుట్టిన ఓడల సందులు పూడ్చేవారన్న వివరం ఉంది. 13వ శతాబ్దంలో హోర్ముజ్ రేవును చూసిన మార్కో పోలో, అక్కడి ఓడలకు కీలు పూయరని, చేప నూనె పూస్తారని రాశాడు. కాకతీయ రాజ్యపు రేవైన మోటుపల్లిని గురించి, రుద్రమదేవి పాలనను గురించి చెప్పినవాడూ ఈ యాత్రికుడే కావడం తెలుగు పాఠకులకు గుర్తుండదగ్గ సంగతి. హోర్ముజ్ మీదుగా గుర్రాలు, ఖర్జూరాలు, ముత్యాలు హిందూ మహాసముద్రపు రేవులకు చేరిన ఆ కాలంలో, వాటిని మోసిన ఓడల పలకలు చేప నూనెతో తడిసి ఉండేవి.

ఆనాటి నూనె తయారీలో శుభ్రతకు చోటు లేదు. కాలేయాలను తొట్టిలో పోగుచేసి ఎండలో మగ్గనిస్తే, కొన్ని రోజులకు కొవ్వు కరిగి పైకి తేలేది. ఆ తేటను తోడుకుని జాడీల్లో నింపేవారు. దుర్వాసన ఎంత ఉన్నా పూతకు అడ్డేమీ కాదు కనుక, కొనేవాడు చూసేది చిక్కదనం ఒక్కటే. చిన్న కవళ్ల చేపలను మాత్రం ఎండబెట్టి, ఒంటెలకూ పశువులకూ మేతగా, ఖర్జూర తోటలకు ఎరువుగా వాడేవారు. అరేబియా దక్షిణ తీరంలో పశువులు చేపలు తినడం చూసి మార్కో పోలో ఆశ్చర్యపోయాడు. 1930లలో జపాన్ పెంపకపు ముత్యాల వల్ల సహజ ముత్యాల బేరం కూలింది, 1970ల తరువాత ఫైబర్‌గ్లాస్ పడవలు కొయ్య పడవలను పక్కకు నెట్టాయి. దాంతో పూతగా చేప నూనెకున్న గిరాకీ ఈ తీరంలో దాదాపు ముగిసింది.

నూనె మందుగా మారిన కథ ఉత్తర ఐరోపాలో మొదలైంది. నార్వే జాలరులు తరతరాలుగా తాగుతూ వచ్చిన కాడ్ చేప కాలేయపు నూనెను ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ ఆసుపత్రిలో కీళ్ల నొప్పులకు వాడుతున్నట్టు వైద్యుడు థామస్ పెర్సివల్ 1782లో ప్రకటించాడు. 1850లలో నార్వే ఔషధకారుడు పీటర్ మొల్లర్, తాజా కాలేయాలను ఆవిరితో వేడిచేసి, లేత రంగులో, తక్కువ వాసనతో నూనె తీసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. అప్పటినుంచి నూనె ధర రంగునూ వాసననూ బట్టి నిర్ణయమైంది. నూనెలో మేలు చేసేదేమిటో తెలియడానికి మరో అరవై ఏళ్లు పట్టింది: 1913లో మెకాలమ్, డేవిస్ కొవ్వులో కరిగే ఒక పోషకాన్ని గుర్తించారు, అదే విటమిన్ ఎ, 1919లో మెలన్బీ, ఎముకలు మెత్తబడి వంకర తిరిగే రికెట్స్ వ్యాధిని ఈ నూనె నివారిస్తుందని కుక్కపిల్లల మీద చూపాడు, నూనెను కాచి, గాలి పట్టించి, విటమిన్ ఎను నశింపజేసినా రికెట్స్‌ను నయం చేసే శక్తి దానిలో మిగిలే ఉందని 1922లో మెకాలమ్ తేల్చినప్పుడు విటమిన్ డి వేరుపడింది.

ఈ జ్ఞానం తెలుగు నేలను తాకిన తీరు విస్తరించి చెప్పదగ్గది. కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆ రాష్ట్రపు మత్స్యశాఖ ఫ్రెడరిక్ నికల్సన్ చొరవతో 20వ శతాబ్దపు మొదటి దశకంలోనే రూపుదిద్దుకుని, మలబారు తీరంలో కవళ్ల నూనె పరిశ్రమను ప్రోత్సహించింది. 1940 ఏప్రిల్‌లో జర్మనీ నార్వేను ఆక్రమించడంతో కాడ్ నూనె రావడం ఆగిపోయి, మద్రాసు ప్రభుత్వం కోళికోడ్‌లో సొర కాలేయపు నూనె తయారీ చేపట్టింది. సొర నూనెలో విటమిన్ ఎ కాడ్ నూనెలో కన్నా చాలా ఎక్కువగా ఉంటుంది కనుక, యుద్ధకాలంలో పిల్లల రేచీకటికి అది ఎంతో విలువైన మందు అయింది. అయితే 1947లో స్విట్జర్లాండ్‌లో ఓట్టో ఇస్లర్ బృందం విటమిన్ ఎను రసాయనికంగా తయారుచేసింది. కొద్ది ఏళ్లలోనే సొర కాలేయాల బేరం పడిపోయింది. కూనూరులో మెకారిసన్ మొదలుపెట్టిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాద్‌కు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. విటమిన్ ఎ లోపం వల్ల వచ్చే అంధత్వాన్ని నివారించే జాతీయ కార్యక్రమం 1970లో మొదలు కావడానికి ఆ సంస్థ పరిశోధనలు ఆధారమయ్యాయి. ఒకటి నుంచి ఐదేళ్ల వయసున్న పిల్లలకు ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్ ఎ చెంచాతో పోసే ఆ పద్ధతిలో చేప ప్రమేయం లేదు. చేప నూనె చేయవలసిన పనిని, అంతకన్నా చవకగా, పేద ఇంటి పిల్లవాడి దాకా చేర్చిన ఈ ఘట్టం చేప నూనె చరిత్రలో అన్నింటికన్నా గౌరవించదగ్గదని చెప్పాలి.

గల్ఫ్ తీరానికి ఈ సీసాలు ఎక్కువగా బొంబాయి దారినే వచ్చాయి. ఆనాటి ట్రూషియల్ రాజ్యాల్లో, అంటే ఇప్పటి ఎమిరేట్లలో, భారత రూపాయే చెల్లుబాటు నాణెం. 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేక నోట్లు ముద్రించింది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించడంతో ఆ నోట్లు తెరమరుగై, దుబాయ్‌లో ఖతార్-దుబాయ్ రియాల్, 1973లో దిర్హామ్ వచ్చాయి. దేరాలో అల్ మక్తూమ్ ఆసుపత్రి 1951లో తలుపులు తెరిచిన కాలంలో దుబాయ్ అంగడిలో మందు సీసా ధర రూపాయిల్లోనే చెప్పేవారన్నమాట. 1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హాములన్న స్థిర మారకం ఉంది కనుక, అల్ నహ్దాలో డబ్బా ధర మారకపోయినా, రూపాయి పడినప్పుడల్లా ఇంటికి పంపే డబ్బుతో దాన్ని పోల్చుకునే తెలుగువాడి లెక్క మారిపోతుంది.

అల్ నహ్దా ఇప్పటి రూపానికి వచ్చింది ప్రధానంగా 2000 తరువాతే. షార్జా వైపు సహారా సెంటర్ 2002లో తెరుచుకుంది. దుబాయ్ మెట్రో గ్రీన్ లైన్ 2011 సెప్టెంబరులో నడవడం మొదలుపెట్టింది. ఈ కాలానికి చేప నూనె మూడో అవతారం ఎత్తింది. గ్రీన్‌లాండ్ ఇన్యుట్ ప్రజల రక్తంలోని కొవ్వుల మీద డెన్మార్క్ పరిశోధకులు బాంగ్, డైర్‌బర్గ్ 1971 నుంచి ప్రచురించిన వ్యాసాలు ఒమేగా-3 కొవ్వు ఆమ్లాల వైపు ప్రపంచం దృష్టిని మళ్లించాయి. చేపల్లో ఉండే ఈ ఆమ్లాలలో ముఖ్యమైనవి రెండు, ఈపీఏ, డీహెచ్‌ఏ. వీటి క్యాప్సూళ్లకు ప్రధాన వనరు కాడ్ కాలేయం కాదు, పెరూ తీరపు ఆంకోవెటా వంటి చిన్న చేపల ఒంటి నూనె. అందువల్ల అరలో పక్కపక్కన నిలబడే రెండు డబ్బాలు నిజానికి రెండు వేర్వేరు సరుకులు: కాలేయపు నూనెలో విటమిన్ ఎ, డి ఉంటాయి, ఒంటి నూనెలో అవి నామమాత్రం. ఎమిరేట్లలో ఎండ మండుతున్నా, నీడపట్టున గడిపే జీవితం వల్ల విటమిన్ డి లోపం విస్తారంగా ఉంది. ఆ లోపానికి మామూలు చేప నూనె క్యాప్సూళ్లు కొనుక్కునేవారు అందులో లేనిదానికి డబ్బు పెడుతున్నారు. గర్భిణులు కాలేయపు నూనెను వైద్య సలహా లేకుండా తీసుకోకూడదు, ఎందుకంటే విటమిన్ ఎ మోతాదు మించితే పిండానికి హాని.

డబ్బా ముందు భాగంలో పెద్ద అక్షరాలతో ఉండే 1000 మిల్లీగ్రాములన్న అంకె నూనె బరువు మాత్రమే. ఆంకోవెటా నూనెలో సహజంగా సుమారు 18 శాతం ఈపీఏ, 12 శాతం డీహెచ్‌ఏ ఉంటాయి కనుక, సాధారణ క్యాప్సూల్‌లో కొనుగోలుదారుకు పనికొచ్చేది 180, 120 కలిపి 300 మిల్లీగ్రాములే. నూనెను శుద్ధిచేసి ఆ రెండింటినీ చిక్కబరిచిన క్యాప్సూళ్లకు ధర ఎక్కువ. ఉదాహరణకు 90 క్యాప్సూళ్ల సాధారణ డబ్బా 45 దిర్హాములు, ఒక్కోదానిలో 750 మిల్లీగ్రాములున్న 60 క్యాప్సూళ్ల డబ్బా 66 దిర్హాములు అనుకుంటే, మొదటిదానిలో ఉన్న ఒమేగా-3 మొత్తం 27 గ్రాములు, రెండోదానిలో 45 గ్రాములు. గ్రాముకు మొదటిది సుమారు 1.67 దిర్హాములు, రెండోది 1.47. పైకి ఖరీదుగా కనిపించే డబ్బాయే ఇక్కడ చవక. డబ్బా వెనుక చిన్న అక్షరాల పట్టికలో ఉన్న మోతాదు ఒక క్యాప్సూల్‌దా రెండింటిదా అన్నది చూడకపోతే ఈ లెక్క తలకిందులవుతుంది.

ఈ లెక్కకు మించి చూడవలసినవి ఇక్కడి వాతావరణమూ చట్టమూ తెచ్చిపెట్టాయి. ఒమేగా-3 ఆమ్లాలు గాలితో, వేడితో త్వరగా చెడతాయి. గడువు దగ్గరపడి ఒకటికి ఒకటి ఉచితంగా వచ్చిన డబ్బా, ఆగస్టు ఎండలో కారులో ఒక మధ్యాహ్నం ఉండిపోతే, చవకగా దొరికిన మేలు పోయినట్టే. ఒక క్యాప్సూల్‌ను కోసి వాసన చూస్తే, చేప వాసన కాక పాత వార్నిష్‌లా ఘాటైన కంపు వస్తే అది పనికిరాదు. క్యాప్సూల్ పైపొర జెలటిన్‌తో చేసింది. 1933లో అమెరికాలో రాబర్ట్ షెరర్ కనిపెట్టిన యంత్రం వల్లే దానిని లక్షల్లో తయారుచేయడం సాధ్యమైంది. ఆ జెలటిన్ ఏ జంతువుదన్నది ఎమిరేట్లలో హలాల్ నియమం దృష్ట్యా ముఖ్యమైన విషయం, గోమాంసం తినని తెలుగు ఇళ్లకూ అంతే ముఖ్యం. దుబాయ్‌లో పోషక సప్లిమెంట్లను మున్సిపాలిటీ మొంతాజీ అనే విధానంలో నమోదు చేస్తుంది. 2018 జనవరి 1 నుంచి 5 శాతం వ్యాట్ అమల్లో ఉంది. మందుగా నమోదైన వాటికి ఆ పన్ను సున్నా, సప్లిమెంట్లకు మాత్రం వర్తిస్తుంది.

గుండెకు మేలన్న ఆశే ఈ డబ్బాలను అమ్మిస్తున్నది కనుక ఆ విషయం దాచకుండా చెప్పాలి. 1999లో ఇటలీ నుంచి వెలువడిన జిస్సి అధ్యయనం, గుండెపోటు వచ్చినవారికి రోజుకు ఒక గ్రాము ఒమేగా-3 మేలు చేస్తుందని చూపింది. కానీ 2018లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలు, 25,871 మందితో జరిగిన వైటల్, 15,480 మంది మధుమేహ రోగులతో జరిగిన అసెండ్, గుండెజబ్బు లేనివారిలో రోజుకు ఒక గ్రాము క్యాప్సూల్ ప్రధాన హృద్రోగాలను గణనీయంగా తగ్గించలేదని తేల్చాయి. రోజుకు నాలుగు గ్రాముల శుద్ధ ఈపీఏ మందు ఎంపిక చేసిన రోగులకు ఉపయోగపడిందని అదే ఏడాది రెడ్యూస్-ఇట్ చూపినా, అది వైద్యుడు రాసే మందు; పెద్ద మోతాదుల్లో గుండె లయ తప్పే ప్రమాదం కూడా కొంత పెరుగుతుంది. తల్లిదండ్రులకు డబ్బాలు మోసుకెళ్లేవారు, వాళ్లు రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందుగా వైద్యుణ్ని అడగడం అవసరం. వారానికి రెండుసార్లు కవళ్లో కానాగంతలో తినగలిగిన ఇంటికి, దేరా వాటర్‌ఫ్రంట్ మార్కెట్టో షార్జా సూక్ అల్ జుబైలో ఏ మందుల దుకాణం కన్నా మంచి బేరం.

ధరల మీద అల్ నహ్దా దుకాణదారుకు పట్టు తక్కువ. ప్రపంచపు చేప నూనెలో ఎక్కువ భాగం చేపల, రొయ్యల పెంపకపు మేతకు పోతుంది, క్యాప్సూళ్ల వాటా చిన్నది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకు వెళ్లే మేత కూడా ఈ పోటీలో భాగమే. 2023లో ఎల్ నినో వల్ల సముద్రం వేడెక్కి, వలల్లో పిల్ల చేపలే ఎక్కువ కావడంతో పెరూ ప్రభుత్వం ఉత్తర-మధ్య తీరంలో మొదటి వేట రుతువును రద్దు చేసింది, నూనె ధర ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరింది. చేపలు ఒమేగా-3ని చాలావరకు తాము తయారుచేసుకోవు, సూక్ష్మ నాచు నుంచి ఆహారపు గొలుసు ద్వారా పొందుతాయి. ఆ నాచును తొట్లలో పెంచి తీసిన నూనె ఇప్పుడు అల్ నహ్దాలోని శాకాహారుల ఇళ్లకూ అందుబాటులో ఉంది, గ్రాము లెక్కన చూస్తే ఇంకా చేప నూనె కన్నా సాధారణంగా ఖరీదే.