ఈస్టు పడే పాట్లు

బజారులో చిన్న పొట్లాల్లో అమ్మే ఎండు ఈస్టు మీలో చాలామంది ఎరిగిందే. ఇసక రేణువుల్లాంటి ఆ గోధుమరంగు పలుకుల్ని చూస్తే వాటిలో ప్రాణముందని ఎవరూ అనుకోరు. కాసిని గోరువెచ్చని నీళ్లూ, చిటికెడు పంచదారా కలిపి పది నిమిషాలుంచామా, నురగకట్టి లేస్తుంది. మరి అన్నాళ్లూ నీటిచుక్క లేకుండా ఎలా బతికినట్లు?

అసలు దానికి ప్రాణముందని ఒప్పించటానికే పెద్ద తగవైంది. 1837లో ఫ్రాన్సులో కన్యార్ ద లాతూర్, జర్మనీలో ష్వాన్ ఈస్టు జీవి అన్నారు. రసాయనశాస్త్రంలో ఉద్దండుడైన లీబిగ్ నవ్విపోయాడు. 1856లో లీల్ పట్టణంలో బీటు దుంపల సారా తీసే ఆసామి ఒకాయన, తొట్లు పాడైపోతున్నాయని పాశ్చర్ దగ్గర మొరపెట్టుకున్నాడు. పాశ్చర్ ఆ పని పట్టుకుని, పులియటం ఈస్టు బతుకులో భాగమేనని 1860 నాటికి రుజువు చేసి చూపాడు.

చిత్రమేమంటే, ఈస్టు తయారుచేసే సారా ఈస్టుకే విషం! పంచదార తిని సారా వదులుతుంది. దాంతో పక్కనున్న సూక్ష్మజీవులు చస్తాయి, చోటంతా తనదవుతుంది. సారా ఎక్కువైతే మాత్రం తన ఒంటిపొరకే తూట్లు పడతాయి. ఆ పొరను గట్టిపరిచే ఎర్గోస్టెరాల్ అనే కొవ్వుపదార్థం చేసుకోవాలంటే దానికి కాస్త గాలి తగలాలి. జపానువారి సాకే ఈస్టు నూటికి ఇరవై పాళ్ల సారా దాకా తట్టుకుంటుందంటే సామాన్యమా!

ఉప్పూ తీపీ ఎక్కువైనచోట ఒంట్లోని నీరు బయటికి లాగేయకుండా లోపల గ్లిసరాల్ నింపుకుంటుంది. ఎండబెట్టే ముందు ట్రెహలోజ్ అనే ఒకరకం చక్కెర దాచుకుంటుంది. నీరు పోయినా కణంలోని సరంజామా చెదరకుండా అదే పట్టి ఉంచుతుంది. మన పొట్లంలోని రహస్యం ముఖ్యంగా ఇదే. వేడి సంగతీ అంతే. కొద్దిపాటి వేడి ముందుగా తగిలితే, తర్వాత వచ్చే పెద్ద వేడికి తట్టుకుంటుంది. అలాగని మరిగే నీళ్లు పొయ్యకండి, ఆ దెబ్బకు ఏ ఈస్టూ ఆగదు!

ఇక ఆకలి. 1988లో టోక్యో విశ్వవిద్యాలయంలో యోషినోరి ఓసుమి, నలభై మూడేళ్ల వయసులో, సొంతంగా ఒక చిన్న ప్రయోగశాల పెట్టుకున్నారు. కణంలోని చెత్తను అరిగించే రసాలు లోపించిన ఈస్టును తీసుకుని, నత్రజని అందకుండా పస్తుపెట్టారు. కొన్ని గంటల్లోనే కణంలోని సంచీ నిండా చిన్న చిన్న బుడగలు గిరగిరా తిరుగుతూ కనిపించాయి. ఈస్టు తన ఒంట్లోని పాత సామాన్లనే మూటకట్టి, విప్పి, తిండిగా వాడుకుంటోందన్నమాట. ఆయన దగ్గర చదువుకునే మికి త్సుకదాగారు వేల ఈస్టు కణజాతుల్ని ఓపిగ్గా జల్లెడపట్టి, ఈ పని చేతగాని వాటిని ఏరారు. ఇందుకు కావలసిన పదిహేను జన్యువుల సంగతి 1993లో వెల్లడైంది. ఓసుమిగారికి 2016లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇదంతా సారా తొట్టి గొడవ, మనకెందుకంటారా? ఆ జన్యువుల్లాంటివే మన కణాల్లోనూ ఉన్నాయి. ఓసుమిగారి ప్రయోగశాలలో పనిచేసిన మిజుషిమా, ఆయన సహచరులు 2004లో ఎలుకల మీద చూశారు. బొడ్డుతాడు తెగాక, తల్లిపాలతో ఒళ్లు కుదుటపడేదాకా, పిల్ల ప్రాణం నిలిపేది ఇదే ఏర్పాటు. అది లేని ఎలుకపిల్లలు పుట్టిన రోజు దాటలేదు.