చందమామలో మా తాత

మా తాత వెట్టి. ఆయన అసలు పేరు ఊళ్ళో పదిమందికి కూడా తెలియదు. ‘వెట్టోడు’ అంటే మాత్రం పాలుతాగే పిల్లోడిక్కూడా తెలుసు. చాటింపు వేయడం, శిస్తు కట్టని రైతుని చావిడికి పిలుచుకు రావడం, తాలూకా ఆఫీసుకి టపా మోయడం ఇవన్నీ ఆయన పనులే. కానీ ఊరు ఆయన్ని గుర్తుపెట్టుకున్నది ఇంకో పనికి. పొలిమేరలో దిక్కులేని శవం కనబడితే మాలపల్లెకి కబురొచ్చేది. ఉరేసుకున్నవాణ్ణి చెట్టు మీంచి దించాలి. కాలవలో తేలినవాణ్ణి ఒడ్డుకి లాగాలి. పోలీసులొచ్చి పంచాయితీ చేసేదాకా కాపలా కాయాలి. ఆనక బండికెక్కించి పెద్దాసుపత్రికి తోలుకుపోవాలి. కోసి కుట్టి ఇచ్చినదాన్ని తెచ్చి పూడ్చాలి.

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. కరణాలు పోయారు, మునసబులు పోయారు. మా తాత పోలేదు. పేరు మాత్రం గ్రామ సేవకుడయింది. శవాలు అవే.

నేను చదవడం నేర్చుకున్న రోజుల్లో మా ఇంట్లో ఉన్న పుస్తకం ఒకటే, చందమామల కట్ట. మా అమ్మ పనిచేసే కామందు ఇంట్లో పొయ్యిలోకి పనికొస్తాయని ఇచ్చారు. 1970ల నాటి సంచికలు. ఎవరో దారంతో కుట్టించారు. అట్టలు లేవు, అడుగుభాగం చెదలు తినేసింది. మధ్యలో కొన్ని నెలలు లేవు. అందుకని సీరియళ్ళు నాకు దక్కలేదు, వీరుడు కొండ అంచున వేలాడుతూ ఉండగానే కథ ఆగిపోయేది. ఏ నెలకా నెల తెగేవి బేతాళ కథలు. రాజు వెళ్తాడు, చెట్టు మీంచి శవాన్ని దించుతాడు, భుజాన వేసుకుంటాడు, నోరెత్తకుండా నడుస్తాడు. శవంలోని బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం పోయి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. తొలి ఇరవై అయిదు కథలూ అయిపోయాక చందమామ వాళ్ళు కొత్త కథలు పుట్టించి అదే చట్రంలో వేస్తూ పోయారు. యాభై ఏళ్ళకు పైగా ఆ రాజు నెలకొక్కసారి ఆ శవాన్ని దించాడు.

మా ఇంట్లో అది కథలాగా ఉండేది కాదు. రాజుకెందుకు మా తాత పని పడిందా అని నా సందేహం.

1998లో ఒక చలికాలం రాత్రి. ఊరికి ఉత్తరాన చింతతోపులో ఎవరో పరాయి మనిషి ఉరేసుకున్నాడు. సందేళ కానిస్టేబులు వచ్చి చూసి, దించి పెట్టమని, ఎస్సైగారు పొద్దున్నే వస్తారని చెప్పి వెళ్ళిపోయాడు. మా బాబాయి తాతకి అన్నం తీసుకెళ్తుంటే నేను వెంటపడ్డాను. తొమ్మిదేళ్ళుంటాయి నాకు. తాత శవమ్మీద గోనెపట్టా కప్పి, లాంతరు పెట్టుకుని, చుట్ట కాలుస్తూ కూచున్నాడు. అన్నం తినేసి, “నిద్దరొత్తందిరా, ఏదన్నా ఒక కత సెప్పు” అన్నాడు. నాకు తెలిసిన కథలు అవే గదా. బేతాళ కథ మొదలెట్టాను. రాజు చెట్టుదగ్గరికెళ్ళి శవాన్ని దించి అన్నానో లేదో తాత ఆపాడు.

“ఒక్కడేనా?”

“ఒక్కడే తాతా.”

“ఒక్కడెట్టా దించుతాడ్రా? పైన ఒకడెక్కి తాడు కొయ్యాలి, కింద ఒకడు కాళ్ళు వాటేసుకుని పట్టుకోవాలి. ముడి ఇప్పకూడదు. ముడికి పైన కొయ్యాలి. పోలీసోళ్ళు ముడి సూత్తారు.”

నేను ముందుకుపోయాను. రాజు శవాన్ని భుజాన వేసుకున్నాడు. తాత మళ్ళీ ఆపాడు. బొమ్మ చూపించమన్నాడు. నాకా బొమ్మ కళ్ళల్లోనే ఉంది. చేతిలో కత్తి, భుజమ్మీద తడిగుడ్డలాగా వేలాడే శవం. ఎట్టా ఉంటదో చేతులతో చూపించాను.

“వంగదురా. సచ్చిన రెండు జాములకి కర్రలాగా బిగుసుకుపోద్ది. మళ్ళీ మెత్తబడాలంటే ఒక పగలూ రెండు రాత్రుళ్ళూ పట్టుద్ది. అప్పటికి ఎవుడూ దగ్గిరికి రాలేడు. ఆ రాజెవుడో గానీ శవాన్ని మొయ్యలేదు. బొమ్మేసినోడూ మొయ్యలేదు.”

శవం మాట్లాడుతుందన్నప్పుడు మాత్రం నవ్వలేదు. లాంతరు వత్తి సరిచేసి, “మాట్టాడితే మనకీ కాపలా ఎందుకు? సుండూరు కేసు ఎప్పుడో తేలిపోయేది గందా” అన్నాడు.

మాది ఆ చుట్టుపక్కలే. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. కొందరి శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో వేశారు. అక్కడే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్న బేతాళుడి శాపం ఆ పొద్దు ఎవరికీ తగల్లేదు. తాత అప్పటికి లేడు.

కథ చివర తాత ఒకటడిగాడు. “దించినందుకు రాజుకేవిచ్చారు?” తాతకైతే కల్లంలో కొలిచే మేర, శవానికొకసారి సారా డబ్బులు. స్నానం కాలవలో, అదీ కింది రేవులో. రాజు ఒక బిచ్చగాడైన సన్యాసికి మాటిచ్చి మోస్తున్నాడని చెప్పాను. తాత తల ఊపాడు, నమ్మలేదు.

ఇప్పుడు నేను ప్రభుత్వ పాఠశాలలో సాంఘికం చెప్తున్నాను. మా వంశంలో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఈ మధ్య పాత చందమామలు ఫోన్లో దొరికితే ఆ కథలన్నీ వరసబెట్టి మళ్ళీ చదివాను. చందమామను తక్కువ చేయడం నా వల్ల కాదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని నడిపాడు. హేతువాది, మార్క్సిస్టు. ఆ చేతిమీదుగా వచ్చిన వాక్యం ఎంత తేటగా ఉంటుందంటే, మా పల్లెలో చదువురాని ముసిలాయనకి చదివి వినిపిస్తే ఒక్క మాటా అడ్డం పడేది కాదు. తెలుగు వాక్యం నేను నేర్చుకున్నది అక్కడే, బళ్ళో కాదు. అయినా అడగాల్సింది అడగాలి. ఆ శవం రాజు భుజమ్మీదికి ఎట్టా వచ్చింది?

బీఈడీ చదివేటప్పుడు కాలేజీ లైబ్రరీలో మనుస్మృతి అనువాదం దొరికింది. 1927 డిసెంబరు 25న అంబేద్కర్ మహద్‌లో దాన్ని ఎందుకు తగలబెట్టాడో చూద్దామని తీశాను. పదో అధ్యాయం 55వ శ్లోకం దగ్గర ఆగిపోయాను. చండాలురు పగలు పనిమీద తిరిగేటప్పుడు రాజు చెప్పిన గుర్తులు పెట్టుకుని తిరగాలట. బంధువుల్లేని శవాన్ని వాళ్ళే మోసుకుపోవాలట. మా తాతకి చేతికర్ర ఒకటుండేది, దూరాన్నించి చూస్తేనే వెట్టోడని తెలిసేది. బంధువుల్లేని శవమంటే చింతతోపులో గోనెపట్టా కింద ఉన్నదే. మనువు రాసిన ఉద్యోగ విధుల్నే తాలూకా ఆఫీసు మా తాత చేత చేయించింది. దొరలు మారారు, కాగితం మారింది, అంతే.

అదే దేశంలో, పదకొండో శతాబ్దంలో, కాశ్మీరంలో సోమదేవుడు కథాసరిత్సాగరం రాశాడు. బేతాళుడి ఇరవై అయిదు కథలూ దాన్లో ఉన్నాయి. రాజు పేరు అక్కడ త్రివిక్రమసేనుడు. ఊరు ప్రతిష్ఠానం, మన గోదావరి ఒడ్డునే ఎగువన. మనువు ఎవరికి రాసిపెట్టాడో ఆ పనిని ఆ రాజు ఒక రాత్రి చేశాడు. ఒక్క రాత్రే! ఆ ఒక్క రాత్రికి సాహసం అన్నారు, వెయ్యేళ్ళు కథ చెప్పుకున్నారు. రాత్రి కాపలా ముగించుకుని తెల్లారి ఇంటికొచ్చే మా తాతని చూసి మాత్రం ఊళ్ళో ఆడవాళ్ళు పక్కకి తప్పుకునేవాళ్ళు.

బేతాళుడి ప్రశ్నలు కూడా మనం చిన్నప్పుడనుకున్నంత తెలివి ప్రశ్నలేం కాదు. సోమదేవుడి కథల్లో అనంగరతి అని ఒక రాజకుమార్తె ఉంటుంది. నలుగురు ఆమెను అడుగుతారు. ఒకడు శూద్రుడు, రోజుకి అయిదు జతల బట్టలు నేస్తాడు. ఒకడు వైశ్యుడు, జంతువుల భాష తెలిసినవాడు. ఒకడు కత్తి పట్టిన క్షత్రియుడు. ఒకడు చచ్చినవాళ్ళను బతికించే బ్రాహ్మణుడు. ఆమెను ఎవరికివ్వాలి? రాజు తడుముకోలేదు, క్షత్రియుడికే అన్నాడు. నేతగాడికి క్షత్రియకన్యను ఎట్టా ఇస్తారు అన్నాడు. బేతాళుడు ఒప్పుకున్నాడు, శవం చెట్టెక్కింది. బట్ట నేసినవాడు పనికిరాడని తేల్చడానికి బేతాళుడెందుకు? మా ఊరి రచ్చబండ చాలు.

చందమామలో ఇంకో చోద్యం బాటసారి. చీకటి పడుతుంది, బాటసారి ఏదో ఊరు చేరతాడు, ఒక ఇంటి తలుపు తడతాడు. ఇంటాయన కాళ్ళకి నీళ్ళిస్తాడు, భోజనం పెడతాడు, అరుగు మీద చాప వేస్తాడు. ‘మీరేవిట్లు?’ అని ఎవరూ అడగరు. చిన్నప్పుడు నాకు రాక్షసులూ మాంత్రికులూ నమ్మశక్యంగానే ఉండేవాళ్ళు. శవం పక్కన కూచున్న పిల్లోడికి దయ్యం పెద్ద విషయం కాదు. ఆ అరుగే నమ్మశక్యం కాలేదు. డిగ్రీలో ఉండగా స్నేహితుడి పెళ్ళికి నడిచిపోతూ ఒక ఊళ్ళో అరుగుమీద పెద్దాయన్ని మంచినీళ్ళడిగాను. ఊరడిగాడు, తాత పేరడిగాడు, పల్లెలో ఎక్కడ అని అడిగాడు. చెంబు వచ్చింది గానీ నా చేతికి రాలేదు, దోసిట్లోకి పైనుంచి పోశారు.

మా ఊళ్ళో తిరునాళ్ళకి హరిశ్చంద్ర నాటకం ఆడేవాళ్ళు. మేము స్టేజీకి ఎడంగా, కాలవగట్టు వైపు కూచునేవాళ్ళం. రాజు కాటికాపరి అయ్యే సీను రాగానే ఊరు ఊరంతా కళ్ళొత్తుకునేది. ఆ సీన్లో నటుడు రాగం తీసి పాడే పద్యాలు కొన్ని జాషువావి, శ్మశానవాటిక పద్యాలు. వినుకొండలో పుట్టిన మన జాషువా. ఏడ్చేవాళ్ళలో ఎంతమందికి తెలుసో ఆ సంగతి. మా తాత నాటకమంతా కదలకుండా చూసి ఇంటికొచ్చేటప్పుడు, “రాజు నాలుగు రోజులు కాటికాడ కూచుంటే ఇంత ఏడుపేందిరా? మా తాతల కాడ్నించీ కూచుంటానే ఉన్నాం” అన్నాడు.

ఇక నా సంగతి. ఆరో తరగతిలో జనవరి 26కి కథల పోటీ పెట్టారు. నేను బేతాళ కథ చెప్పాను. బహుమతి స్టీలు గ్లాసు. గ్లాసు తీసుకుని దిగుతుంటే మా ఊరి పిల్లోడొకడు, “వాళ్ళ తాత నిజంగానే శవాలు మోస్తాడురా” అన్నాడు. మర్నాటి నుంచి నా పేరు బేతాళుడు. టెన్తు అయ్యేదాకా అదే పేరు. మోసేవాడు విక్రమార్కుడు గదా, నన్ను బేతాళుడని ఎందుకన్నారు? కథ తెలియక కాదు. మా వాడ మనిషి మోస్తుంటే వాళ్ళ కళ్ళకి మోసేవాడు కనపడడు, శవమే కనపడుతుంది.

ఆ ఏడాదే తాత మండలాఫీసు కాగితమేదో తీసుకుని మా బడికొచ్చాడు. హెడ్మాస్టరు గది బయట చేతికర్ర ఆనించుకుని నిలబడ్డాడు. కిటికీలోంచి నన్ను చూసి పళ్ళన్నీ కనపడేట్టు నవ్వాడు. పక్క బెంచీ వాడు, “మీ తాత గదరా?” అన్నాడు. “కాదు. మా ఊరి వెట్టోడు” అన్నాను. అంత దూరానికి వినపడిందో లేదో ఇప్పటికీ తెలియదు. నవ్వు మాత్రం ఆగింది. సాయంత్రం ఎప్పట్లాగే, “కత సదవరా” అన్నాడు. కట్ట తీశాను. రాజు చెట్టుదగ్గరికి వెళ్ళిందాకా చదివి, తలనొప్పిగా ఉందని మూసేశాను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ మాట ఈ కాగితమ్మీద తప్ప నేను ఎక్కడా ఒప్పుకోలేదు.

తాత 2004లో పోయాడు, వానాకాలం. మా సమాధుల దొడ్డి కాలవ అవతల పోరంబోకులో ఉంది. దారి కామందుల చేలోంచి. నాట్లు పడ్డాయని చేలోంచి పోనివ్వలేదు. కాలవగట్టు చుట్టు తిరిగి, మోకాలి లోతు బురదలో మోశాం. నలుగురం. నాకు పదిహేనేళ్ళు, మా బాబాయి వద్దన్నా ముందు కొమ్ము పట్టాను. నాలుగుసార్లు భుజం మార్చుకున్నాం. తాత బక్కపల్చటి మనిషి, అయినా దొడ్డి చేరేసరికి నా భుజం తోలు లేచిపోయింది. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే నాకు ఆ చింతతోపు మాటే గుర్తొస్తా ఉంది, ఒక్కడేనా అన్నమాట.

చందమామ 2013 కల్లా ఆగిపోయింది. ఆ బొమ్మలేసిన శంకర్ 2020లో చనిపోయాడు. తాత పోయాక ఆ ఉద్యోగం మా బాబాయికిచ్చారు. ఇప్పుడు దాన్ని వీఆర్ఏ అంటారు. పోయిన వేసవిలో నేను ఇంటికెళ్ళినప్పుడు రాత్రి పదింటికి ఆయన ఫోన్ మోగింది. లాకుల దగ్గర శవం తేలిందట, పొద్దున దాకా చూసుకోమన్నారట. బాబాయి టార్చిలైటు తీసుకుని చొక్కా వేసుకున్నాడు. ఒక్కడివే ఎందుకు అని నేనూ చెప్పులు తొడుక్కున్నాను.