ఫోటోలో లేని తల్లి

ఆ ఫోటో పిహెచ్.డి. రోజుల నుంచీ నా బల్ల ఎదురుగా గోడకి ఉంది. నలుపు తెలుపుల్లో ఒక వీధి. ముందు ఒక నల్లజాతి అమ్మాయి, నల్ల కళ్ళద్దాలు, తెల్ల గౌను, చేతిలో నోటుబుక్కు. వెనకే ఒక తెల్లజాతి అమ్మాయి, నోరంతా తెరిచి అరుస్తోంది. 1957 సెప్టెంబర్ 4న అమెరికాలోని లిటిల్ రాక్ ఊళ్ళో విల్ కౌంట్స్ తీసిన ఫోటో ఇది. ముందు నడుస్తున్నది ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్, అరుస్తున్నది హేజెల్ బ్రయన్. ఇద్దరికీ 15 ఏళ్ళే.

ఎలిజబెత్ ముఖంలో కనిపించే నిబ్బరాన్ని నా సిద్ధాంత గ్రంథంలో 'మౌన ధిక్కారం' అన్నాను. ఆ మాట మీద నాకు చాలా ఇష్టం ఉండేది. ఒకసారి క్లాసులో ఈ ఫోటో చూపించి అదే చెబుతుంటే, తన వాడ నుంచి మొదటిసారి పి.జి.కి వచ్చిన ఒక దళిత విద్యార్థిని అడిగింది. "ఆమెకి భయం వెయ్యలేదా మేడమ్?" నేను జవాబు చెప్పలేకపోయాను. అన్నాళ్ళూ ఆ ప్రశ్నే నాకు తోచలేదు.

స్కూళ్ళలో జాతుల వారీ విభజన చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1954లో తీర్పిచ్చింది. లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూల్లో చేరడానికి సిద్ధపడిన తొమ్మిది మంది నల్లజాతి పిల్లల్లో ఆరుగురు అమ్మాయిలే. వాళ్ళని అడ్డుకోడానికి గవర్నర్ ఆర్వల్ ఫాబస్ నేషనల్ గార్డు సైనికుల్ని దించాడు. పిల్లలందరూ కలిసి వెళ్ళేలా ఉద్యమ నాయకురాలు డైసీ బేట్స్ ముందు రాత్రే ఏర్పాటు చేసింది. ఎలిజబెత్ వాళ్ళింట్లో ఫోను లేదు. ఆ కబురు అందలేదు. అందుకే ఆమె ఒక్కతే వెళ్ళింది. తెల్లపిల్లల్ని లోపలికి వదిలిన సైనికులు ఆమెకు మాత్రం బాయ్‌నెట్లు అడ్డుపెట్టారు.

ఆ రోజు గురించి ఎలిజబెత్ చెప్పిన మాటలు డైసీ బేట్స్ 1962లో అచ్చువేసిన పుస్తకంలో ఉన్నాయి. ఆ ప్రశ్న తర్వాతే వాటిని శ్రద్ధగా చదివాను. మోకాళ్ళు వణికాయట. గుంపులో దయగల ముఖం ఒక్కటైనా ఉందా అని వెతికిందట. ఒక ముసలామె ముఖం అలా అనిపించి మళ్ళీ అటు చూస్తే, ఆమె ఉమ్మేసిందట. వీధి చివర బస్‌స్టాపు బెంచీ దాకా చేరగలిగితే చాలనుకుందట. నేను ధిక్కారం అని చదివింది, పడిపోకుండా నడవడానికి ఒక పిల్ల చేసిన ప్రయత్నం. అది ధైర్యమే. కానీ భయాన్ని తీసేసి ధైర్యాన్ని మాత్రం మెచ్చుకునే హక్కు నాకెవరిచ్చారు?

ఫోటోని ఇలా తప్పుగా చదివిన వాళ్ళలో పెద్దవాళ్ళూ ఉన్నారు. తత్వవేత్త హానా అరెంట్ లిటిల్ రాక్ మీద 1959లో 'డిసెంట్' పత్రికలో ఒక వ్యాసం రాసింది. పత్రికల్లో చూసిన ఒక ఫోటోయే తనని ఆలోచింపజేసిందని చెప్పింది. అందులో అమ్మాయికి ఆమె తండ్రి స్నేహితుడు తోడున్నాడంది. ఎలిజబెత్‌కి అలా ఎవరూ తోడు లేరు. ఆ వర్ణన అదే రోజు నార్త్ కరొలినాలోని షార్లెట్‌లో తీసిన డొరొతీ కౌంట్స్ ఫోటోకి సరిపోతుంది. నేనే నల్లజాతి తల్లినైతే ఏం చేసేదాన్ని అని అరెంట్ ప్రశ్నించుకుంది, పెద్దలు మొయ్యాల్సిన రాజకీయ భారాన్ని పిల్లల మీద వేశారని తప్పుపట్టింది. నల్లజాతి తల్లిదండ్రుల మనసుల్లో ఏం జరుగుతోందో ఆమెకు తెలియదని నవలాకారుడు రాల్ఫ్ ఎలిసన్ విమర్శించాడు. 1965లో అరెంట్ అతనికి ఉత్తరం రాసి, తాను అర్థం చేసుకోలేదని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలు నాకు ఆ వ్యాసం కన్నా విలువైనదిగా కనిపిస్తుంది.

నిజానికి ఆ తల్లి జాడ ఎలిజబెత్ మాటల్లోనే ఉంది. ఆ ఉదయం బయల్దేరే ముందు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ప్రార్థన చేయించింది. ఆమె అంధుల పాఠశాలలో పనిచేసేది. బస్సెక్కి బయటపడిన ఎలిజబెత్ నేరుగా వెళ్ళింది అక్కడికే. తల్లి కిటికీ దగ్గర తల వంచుకుని నిలబడి ఉంది, ఏడ్చినట్టుంది. నాకేం కాలేదమ్మా అని చెప్పాలనుకున్నా ఆ పిల్లకి నోట మాట రాలేదు. తల్లి దగ్గరకు తీసుకున్నాకే ఏడ్చింది.

ఈ దృశ్యాన్ని ఏ కెమెరా తియ్యలేదు. సైనికుల్ని పంపిన గవర్నర్ కూడా ఆ ఫోటోలో లేడు. ద్వేషానికి గుర్తుగా ఒక ఆడపిల్ల తెరిచిన నోరు మాత్రం మిగిలింది. హేజెల్ 1963లో ఎలిజబెత్‌కి ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్న సంగతి కూడా ఫోటోకి తెలియదు.

మనకిది కొత్త పాఠమేం కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గర కూర్చుని వాళ్ళచేతే చెప్పించింది. ఆ పుస్తకాన్ని పాఠంగా చెప్పే నేనే, ఇంకొకరి ముఖం కనబడగానే అడగకుండా అర్థం రాసేశాను.

ఫోటో ఇంకా గోడ మీదే ఉంది. ఇప్పుడు క్లాసులో ముందు ఎలిజబెత్ మాటలు చదివిస్తాను, తర్వాతే ఫోటో చూపిస్తాను. 'మౌన ధిక్కారం' అన్న మాట కొట్టేసి ఆ అధ్యాయం మళ్ళీ రాస్తున్నాను. ఆ విద్యార్థిని ప్రశ్నతోనే అది మొదలవుతుంది.