పట్టాలు పడకముందే అడగాలె

కొత్తపల్లి–మనోహరాబాద్ రైల్వే లైన్ ముచ్చట మల్ల ఊర్లల్ల నడుస్తున్నది. భూముల రేట్లు పెరుగుతయని సంబురపడేటోళ్ళున్నరు, చెలక పోతదని గుబులుపడేటోళ్ళున్నరు. మన దిక్కు రైలు ఎట్లొచ్చిందో జర సదువుండ్రి.

పెద్ద లైన్ నిజాం కాలంది. కాజీపేట నుంచి పెద్దపల్లి, మంచిర్యాల మీదుగ బల్లార్షా దాక 1929ల పూర్తయింది. దాంతోని ఢిల్లీ, మద్రాసు నేరుగ కలిసినయి. మన బొగ్గు గూడ ఆ పట్టాల మీదనే పోయింది. కరీంనగర్ మాత్రం పక్కకు ఉండిపోయింది, రైలెక్కాలంటె పెద్దపల్లి పోవుడే. ఆదిలాబాద్‌ది ఇంకో తీరు. ఇయ్యాల్టికీ అక్కడ కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కితె కిన్వట్, ముద్‌ఖేడ్ దాక మహారాష్ట్రల తిరిగి, బాసర కాడ మల్ల తెలంగాణల అడుగు పెడ్తది. నిర్మల్ మీదుగ ఆర్మూర్‌కు లైన్ కావాలని ఎన్నేండ్ల సంది అడుగుతున్నరో!

పెద్దపల్లి–నిజామాబాద్ లైన్‌కు 1993ల పీవీ నరసింహారావు శంకుస్థాపన చేసిండు. ప్రధానమంత్రి మన జిల్లా మనిషేనాయె, జల్దిన అయితదనుకున్నం. సుమారు 177 కిలోమీటర్లు. జగిత్యాలకు 2007ల, నిజామాబాద్‌కు 2017 మార్చిల చేరింది. 24 ఏండ్లు! ఆనాడు పుట్టిన పిల్లలు పెళ్ళీడుకొచ్చిన్రు.

కొత్తపల్లి లైన్ 151 కిలోమీటర్లు. 2016 ఆగస్టుల కోమటిబండ కాడ ప్రధాని మోదీ శంకుస్థాపన చేసిండు, 2023 అక్టోబర్‌ల సిద్దిపేటకు రైలొచ్చింది. ఇగ సిరిసిల్ల, వేములవాడ దిక్కు రావాలె.

పైసల సంగతి అందరం అడుగుతం. కట్ట సంగతి ఎవ్వలం అడగం. పట్టాల కోసం ఎత్తుగ మట్టికట్ట పోస్తరు. వాన నీళ్ళు దాని కాడ ఆగుతయి, ట్రాక్టర్ అటు దాటదు. మా బావ పొలం గట్లనే రెండు ముక్కలైంది. సర్వే నాడు ఆయన అడగలె, పక్కకే ఉన్న నేను గూడ అడగలె. ఇప్పుడు అవతలి ఎకరానికి రెండు కిలోమీటర్లు తిరిగి పోతడు.

1989 రైల్వే చట్టంల 16వ సెక్షన్ ఉన్నది. పక్క భూములకు దారి, నీళ్ళు పోయెతందుకు మోరీలు రైల్వేనే తన ఖర్చుతోని కట్టాలె. ఏది అవసరమో రాష్ట్ర ప్రభుత్వం తేలుస్తది. కని రైలు మొదలైన పదేండ్లు దాటితె కొత్తగ కట్టియ్యమని రైల్వేను బలవంతపెట్టరాదు. జగిత్యాల దాక ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. మోర్తాడ్–నిజామాబాద్ ముక్కకు 2027 మార్చి దాక.

సిరిసిల్ల దిక్కోళ్ళు, మీ ఒర్రె ఎటు పారుతది, బండ్లబాట యాడ తెగుతది, సర్వే నంబర్లతోని కాయితం రాసి కలెక్టరేట్‌ల ఇయ్యుండ్రి. రసీదు మర్వకుండ్రి.