కండెన్సర్ లోపలి పొర చేసే పని

ఫ్యాను మెల్లగా తిరిగితే మన ఇళ్లలో "కండెన్సర్ పోయింది" అంటాం. పాఠ్యపుస్తకాల్లో దాని పేరు కెపాసిటర్. మన పిల్లలు ఈ పాఠాన్ని ఇంగ్లీషులోనో, ఉన్న రాష్ట్రపు భాషలోనో చదువుకుంటున్నారు. ఇంట్లో పెద్దలు తెలుగులో విడమరిచి చెప్పడానికి పనికివస్తాయని ఈ వివరాలు ఇస్తున్నాము.

రెండు లోహపు రేకులను ఒకదానికొకటి తగలకుండా దగ్గరగా ఉంచితే అదే కెపాసిటర్. ఒక్కో వోల్టుకు అది ఎంత విద్యుదావేశం నిలుపుకుంటుందో అది దాని కెపాసిటెన్స్. దీన్ని ఫారడ్లలో కొలుస్తారు. ఆ పేరు మైకేల్ ఫారడే నుంచి వచ్చింది. రేకుల మధ్య ఉన్న పదార్థాన్ని బట్టి ఈ విలువ మారుతుందని ఆయన 1837లో ప్రయోగాలతో చూపాడు.

ఆ పదార్థమే రోధకం. అది కరెంటును తన గుండా పోనివ్వదు, అయినా ఊరికే ఉండదు. రేకుల మీది ఆవేశం ప్రభావంతో దానిలోని ధన, రుణ ఆవేశాలు చెరోవైపు కొద్దిగా జరుగుతాయి. దాంతో రేకుల మధ్య విద్యుత్ క్షేత్రం బలహీనపడి వోల్టేజి తగ్గుతుంది. కనుక మునుపటి వోల్టేజికి చేరేలోగా మరింత ఆవేశం పడుతుంది. ఎన్ని రెట్లు పడుతుందో చెప్పే సంఖ్య రోధక స్థిరాంకం.

శూన్యానికి ఇది 1. గాలికి దాదాపు అంతే. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌కు సుమారు 2.2, అభ్రకానికి సుమారు 6. మన పెద్దలు కాకిబంగారం అనే ఈ అభ్రకాన్ని నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతంలో తవ్వేవారు.

ఒక లెక్క చూద్దాం. 10 సెంటీమీటర్ల చదరపు రేకులు రెండు, మధ్య 1 మిల్లీమీటరు గాలి ఉంటే కెపాసిటెన్స్ సుమారు 88 పికోఫారడ్లు. ఆ సందును అభ్రకంతో నింపితే సుమారు 530 అవుతుంది. ఫ్యానుకు సాధారణంగా కావలసింది 2.5 మైక్రోఫారడ్లు, అంటే 25 లక్షల పికోఫారడ్లు. అందుకే లోహపు పూత పూసిన అతి పలుచని పాలీప్రొపిలీన్ పొరలను చుట్టగా చుడతారు. రోధకంతో పాటు, రేకుల వైశాల్యం పెరిగినా, మధ్య దూరం తగ్గినా కెపాసిటెన్స్ పెరుగుతుంది.

పొర మరీ పలుచనైతే వోల్టేజికి తట్టుకోలేక చిల్లు పడుతుంది. చిల్లు పడ్డచోట చుట్టూ పూత కాలిపోయి వైశాల్యం తగ్గుతుంది. కాలక్రమంలో కెపాసిటెన్స్ పడిపోయి ఫ్యాను నెమ్మదిస్తుంది.

కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద ఉన్న మైక్రోఫారడ్ల సంఖ్యే ఉండాలి, వోల్టుల సంఖ్య అంతకు తగ్గకూడదు. స్విచ్చి ఆపాక కూడా లోపల ఆవేశం మిగిలి ఉండవచ్చు. పిల్లలకు పాఠంతో పాటు ఈ జాగ్రత్త కూడా చెప్పండి: దాని కొనలను చేత్తో ముట్టుకోకూడదు.